ఎక్స్‌టెన్షన్ బాక్సు ఎంచుకోవడం, జాగ్రత్తగా వాడటం: తరచుగా అడిగే ప్రశ్నలు

టీవీ వెనుకో, మంచం పక్కనో ఎక్స్‌టెన్షన్ బాక్సు లేని ఇల్లు ఇప్పుడు అరుదు. పండుగకు చుట్టాలు వస్తున్నారని రెండు రోజుల కోసం తెస్తాం. చుట్టాలు వెళ్లిపోతారు, బాక్సు ఉండిపోతుంది. దాని మీద దుమ్ము పేరుకుంటుంది, బట్టలు పడతాయి, ఏళ్లు గడుస్తాయి. మా అపార్టుమెంటులో కరెంటు పనులు చూసే బాధ్యత చాలా కాలంగా నాది. ఇన్నేళ్లలో నేను చూసిన మాడిన ప్లగ్గుల్లో ఎక్కువ భాగం ఇలాంటి బాక్సులవే. ఇరుగుపొరుగు నన్ను పదేపదే అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

ఇంట్లో ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే ఆగిపోయే స్విచ్చు) ఉంది కదా, వైరు కాలకముందే అది పడిపోదా?

చాలాసార్లు పడిపోదు. అందరూ పొరపడేది ఇక్కడే కాబట్టి దీన్ని మొదట పెట్టాను. ఎంసీబీ ఉన్నది గోడలోని వైరును కాపాడటానికి. పవర్ ప్లగ్గుకు వెళ్లే లైనులో సాధారణంగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తారు. ఆ వైరు తట్టుకోగలిగినంతసేపు ఎంసీబీ ఊరుకుంటుంది. 16 ఆంపియర్ల ఎంసీబీలో 18 ఆంపియర్లు గంటసేపు పారినా అది పడకూడదు, సుమారు 23 ఆంపియర్లు పారితే గంటలోపు పడాలి. దాని తయారీకి పెట్టిన ప్రమాణమే అది.

ఇప్పుడు మీ బాక్సు వైరు 6 ఆంపియర్లకు మించి మోయలేదనుకుందాం. దానిలో 14 ఆంపియర్లు పారుతున్నాయి. ఎంసీబీకి అందులో తప్పేమీ కనిపించదు. వైరు మాత్రం లోలోపల కుములుతూ ఉంటుంది. కరెంటు రెట్టింపయితే వైరులో పుట్టే వేడి నాలుగింతలవుతుంది. ప్లాస్టిక్ తొడుగు మెత్తబడి, కరిగి, లోపలి తీగలు ఒకదానికొకటి తగిలాక గాని ఎంసీబీ పడదు. అప్పటికి పరదాకో పరుపుకో నిప్పు అంటుకుని ఉండవచ్చు.

అందుకే తన మీదే చిన్న రీసెట్ బటన్ గాని ఫ్యూజు గాని ఉన్న బాక్సునే కొనమని చెబుతాను. మోత, అంటే వస్తువులన్నీ కలిసి లాగే కరెంటు, మించినప్పుడు ముందుగా ఆగిపోవలసింది అదే.

6 ఆంపియర్లు, 16 ఆంపియర్లు అని రాసి ఉంటుంది. నా వస్తువులకు ఏది సరిపోతుందో ఎలా తెలుసుకోవాలి?

మన దేశంలో ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు. దాన్ని ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. 6 ఆంపియర్ల బాక్సు అంటే 1380 వాట్లు, 16 ఆంపియర్లది అంటే 3680 వాట్లు. ఈ లెక్క బాక్సు మొత్తానికి. నాలుగు సాకెట్లున్నాయని దాన్ని నాలుగుతో గుణించకూడదు. నేనైతే 6 ఆంపియర్ల బాక్సు మీద 1000 వాట్లు దాటనివ్వను.

వాట్లు ప్రతి వస్తువు అడుగునో వెనుకో రాసి ఉంటాయి. ఫోను చార్జర్లు, ల్యాప్‌టాప్, టీవీ, టేబుల్ ఫ్యాను, ఎల్‌ఈడీ దీపాలు అన్నీ కలిపినా 400 వాట్లు దాటడం అరుదు. వీటికి 6 ఆంపియర్ల బాక్సు నిశ్చింతగా సరిపోతుంది. మిక్సీ 500 నుంచి 750, ఇస్త్రీ పెట్టె 750 నుంచి 1000, నీళ్లు కాచే కెటిల్ 1500, ఇండక్షన్ పొయ్యి 2000 దాకా, గీజరు 2000 నుంచి 3000 వాట్లు తీసుకుంటాయి. వేడిని పుట్టించే వస్తువు ఏదైనా సరే, బాక్సుకు పెట్టేముందు ఒక్క క్షణం ఆగి దాని అడుగున రాసింది చదవండి.

పెద్ద ప్లగ్గును చిన్న సాకెట్లో పెట్టే కన్వర్టర్ ప్లగ్గు బజారులో దొరుకుతోంది. వాడవచ్చా?

వద్దు. 16 ఆంపియర్ల ప్లగ్గు పిన్నులను కావాలనే లావుగా చేశారు. ఎక్కువ కరెంటు తాగే వస్తువు చిన్న సాకెట్లోకి దూరకూడదన్నది అందులోని ఉద్దేశం. గుండ్రటి పిన్నుల ఈ పద్ధతి బ్రిటిష్ వారి పాత ప్రమాణం నుంచి మనకు వచ్చింది. అప్పుడు 5, 15 ఆంపియర్లు అనేవారు, ఇప్పుడు 6, 16 అంటున్నాం. ఇన్ని దశాబ్దాలుగా ఆ లావు తేడాయే మనకు కాపలా కాస్తోంది. చౌకగా దొరికే కన్వర్టరు ఆ కాపలాను తీసి పక్కన పెడుతుంది.

మా పక్క వాటాలో ఒక శీతాకాలం 2000 వాట్ల రూం హీటరును ఇలాగే చిన్న బాక్సుకు తగిలించారు. మూడో రాత్రి వాసన వస్తోందని పిలిచారు. వెళ్లేసరికి కన్వర్టరు బాక్సుకు అతుక్కుపోయి ఉంది, లాగితే రాలేదు. ఆ ఇంట్లో నెలల పసిబిడ్డ ఉంది. ఆ వాసన ఇప్పటికీ నాకు గుర్తే.

వైరు ఎంత మందం ఉండాలి?

పైన కనిపించే లావు చూసి మోసపోకండి. దళసరి ప్లాస్టిక్ తొడుగు వేసి, లోపల వెంట్రుకల్లాంటి నాలుగు తీగలు పెట్టిన వైర్లు చాలా ఉన్నాయి. చూడవలసింది వైరు మీద అచ్చు వేసిన చదరపు మిల్లీమీటర్ల అంకె. 0.75 అంటే సుమారు 6 ఆంపియర్లకు, 1 అంటే 10 వరకు, 1.5 అంటే 14 ప్రాంతానికి తగినదని గుర్తుంచుకుంటే ఇంటి అవసరాలకు చాలు. 16 ఆంపియర్ల బాక్సుకు 1.5 కంటే తక్కువ వైరు ఉంటే అది కొనదగినది కాదు. గంటల తరబడి పెద్ద మోత ఉంటే 2.5 కావాలి. అసలు అంకే లేని వైరును కొట్లో తిరిగి ఇచ్చేయండి.

పొడవు కూడా లెక్కే. 20 మీటర్ల పొడవున్న 1 చదరపు మిల్లీమీటరు వైరులో 10 ఆంపియర్లు పంపితే రానూ పోనూ కలిపి సుమారు 7 వోల్టులు దారిలోనే పోతాయి. సుమారు 70 వాట్లు వైరును వేడి చేయడానికే ఖర్చవుతాయి. సాయంత్రం వేళ వోల్టేజీ పడిపోయే ఊళ్లలో గ్రైండరు, నీళ్ల మోటారు లాంటివి మూలిగేది కొంత ఇందుకే. అవసరానికి ఒక మీటరు ఎక్కువ ఉన్నది చాలు. ఎప్పుడైనా పనికొస్తుందని పది మీటర్లది తీసుకోవద్దు.

లోపల ఉన్నది నిజంగా రాగేనా?

ఇది అడగవలసిన ప్రశ్న. చౌక వైర్లలో అల్యూమినియం తీగకు పైన రాగి పూత పూసి అమ్ముతున్నారు. చూడటానికి ఎర్రగానే ఉంటుంది. బ్లేడుతో తీగను గీకితే లోపల తెల్లగా మెరుస్తుంది. చేతిలోకి తీసుకుంటే తేలికగా ఉంటుంది, నాలుగుసార్లు వంచితే పుటుక్కున తెగుతుంది. అదే మందంలో రాగి మోసే కరెంటును ఇది మోయలేదు, కాబట్టి 1.5 అని రాసి ఉన్నా దాన్ని నమ్మలేం. విడిగా వైరు కొని బోర్డు చేయించుకునేటప్పుడు ఈ పరీక్ష కొట్లోనే చేయండి. మంచి సరుకు అమ్మే దుకాణదారు దీనికి కోపగించుకోడు.

ఐఎస్ఐ గుర్తు ఉంటే సరిపోతుందా?

గుర్తును అచ్చు వేయడం ఎవరికైనా సులువే. అసలైన గుర్తుకు పైన ప్రమాణం సంఖ్య, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు సంఖ్య ఉంటాయి. ప్లగ్గులు, సాకెట్లకు ఐఎస్ 1293, పీవీసీ వైర్లకు ఐఎస్ 694. భారతీయ ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ లైసెన్సు సంఖ్య కొడితే అది ఎవరిదో, ఏ వస్తువుకు ఇచ్చారో తెలుస్తుంది. కొట్లో నిలబడే చూసుకోవచ్చు.

అన్ని దేశాల పిన్నులూ పట్టే సాకెట్లున్న బాక్సుల విషయంలో నాకు మొదటి నుంచీ అనుమానమే. ఏ పిన్నయినా పట్టేలా చేసిన రంధ్రంలో ఏ పిన్నూ బిగుతుగా కూర్చోదు. లూజు ఉన్నచోట నిప్పురవ్వ, నిప్పురవ్వ ఉన్నచోట వేడి. మన గుండ్రటి పిన్నుల కోసమే చేసినది ఎంచుకోండి. ప్లగ్గు పెట్టేటప్పుడు కాస్త బలం పెట్టవలసి రావాలి.

బాక్సులో మూడు రంధ్రాలున్నాయి, కాని దాని ప్లగ్గుకు రెండే పిన్నులు. ఫరవాలేదా?

దాన్ని వెంటనే పక్కన పడేయండి. పైనున్న మూడో రంధ్రం ఎర్తింగ్ కోసం. వస్తువు ఇనుప ఒంటిలోకి కరెంటు దిగితే, అది మన ఒంట్లోంచి కాకుండా నేలలోకి పోయే దారి అది. ప్లగ్గుకు మూడో పిన్ను లేకపోతే ఆ దారి మధ్యలోనే తెగిపోయినట్టు. ఎర్తింగ్ పిన్ను మిగతా రెండింటి కంటే పొడవుగా ఉంటుంది. పెట్టేటప్పుడు అన్నిటికన్నా ముందు, తీసేటప్పుడు అన్నిటికన్నా చివర తగిలేలా దాన్ని అలా చేశారు.

రెండు పిన్నుల ప్లగ్గుతో మరో చిక్కుంది. దాన్ని తిప్పి పెడితే బాక్సు మీది స్విచ్చు ఫేజును (కరెంటు వచ్చే తీగను) కాక న్యూట్రల్‌ను (తిరిగి వెళ్లే తీగను) ఆపుతుంది. దీపం ఆరుతుంది, సాకెట్లో కరెంటు మాత్రం అలాగే ఉంటుంది.

కొన్ని బాక్సుల్లో ప్లగ్గుకు మూడు పిన్నులూ ఉంటాయి, లోపల వైరు మాత్రం రెండు తీగలదే. మల్టీమీటరు ఉన్నవారు బాక్సును గోడ నుంచి పూర్తిగా తీసేసి, ప్లగ్గు పొడవు పిన్నుకూ సాకెట్ పై రంధ్రానికీ మధ్య కలయిక ఉందో లేదో చూడవచ్చు. కలయికను చూసే సెట్టింగ్‌లో మీటరు నుంచి బీప్ శబ్దం రాకపోతే ఎర్తింగ్ లేనట్టే. ఇదంతా చేసినా గోడలోని ఎర్తింగే సరిగా లేకపోతే ఫలితం ఉండదు. సొంత ఇల్లయితే ఎర్త్ గుంతలో వేసవిలో నీళ్లు పోయడం మన పెద్దలు మరిచేవారు కాదు. ఎండిన నేల కరెంటును సరిగా లాగదు.

కొన్న బాక్సు మంచిదా, ఎలక్ట్రీషియన్‌తో చేయించుకున్న బోర్డు మంచిదా?

సరుకు మంచిదైతే చేయించుకున్నదే మేలని నా అనుభవం. ఐఎస్ఐ సాకెట్లు, స్విచ్చులు, 1.5 మూడు తీగల రాగి వైరు, గట్టి ప్లాస్టిక్ పెట్టె తెచ్చి ఇవ్వండి. మూడు విషయాలు దగ్గరుండి చూసుకోండి. ఆకుపచ్చ–పసుపు చారల తీగ ప్రతి సాకెట్ ఎర్త్‌కూ చేరాలి. స్విచ్చులు గోధుమ రంగు ఫేజు తీగ మీద రావాలి, నీలం న్యూట్రల్ మీద కాదు. వైరు పెట్టెలోకి వెళ్లేచోట బిగించే క్లిప్పు ఉండాలి, లేకపోతే ఎవరి కాలైనా వైరుకు తగిలినప్పుడు లోపలి స్క్రూల నుంచి తీగలు ఊడి వస్తాయి.

స్పైక్ గార్డు అంటే వేరా?

వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసినప్పుడు ఆ దెబ్బను తాను తీసుకునే చిన్న భాగం దానిలో అదనంగా ఉంటుంది. కంప్యూటర్, టీవీలకు మంచిదే. అయితే ఆ పేరుతో అమ్మేవాటిలో ఉత్త సాకెట్ల వరుసలూ ఉన్నాయి, కాబట్టి ఎన్ని జూళ్లు (శక్తిని కొలిచే ప్రమాణం) తట్టుకుంటుందో రాసి ఉందా అని చూడండి. అది లో వోల్టేజీని సరిచేయదు. పిడుగులు పడేటప్పుడు దాన్ని నమ్ముకోకుండా ప్లగ్గు తీసేయడమే పద్ధతి.

ఒక బాక్సుకు ఇంకో బాక్సు తగిలించవచ్చా?

తగిలించకూడదు. రెండో బాక్సు మోత అంతా మొదటి బాక్సు వైరు మీదే పడుతుంది. అతుకులు పెరిగేకొద్దీ లూజయ్యే చోట్లు కూడా పెరుగుతాయి.

మిగిలిన వైరును చుట్టచుట్టి కట్టేస్తే చూడటానికి బాగుంటుంది కదా?

బాగుంటుంది, కాని ప్రమాదం. 5 మీటర్ల 0.75 వైరులో 12 ఆంపియర్లు పారితే సుమారు 33 వాట్ల వేడి పుడుతుంది. వైరు చాచి ఉంటే అది గాలికి పోతుంది. అదే వైరును పిడికెడంత చుట్టగా కట్టి పరుపు కింద తోస్తే వేడికి పోయే దారి ఉండదు. సెల్‌ఫోన్ రిపేరు షాపులో టంకం కరిగించే కడ్డీ 25 వాట్లదే. మామూలు పీవీసీ తొడుగు తట్టుకునేది 70 డిగ్రీల వరకే. చక్రానికి చుట్టి వచ్చే పొడవు వైర్లను కూడా పెద్ద మోతకు వాడేటప్పుడు మొత్తం విప్పేయాలి.

తివాచీ కింద, తలుపు సందులో, మంచం కోడు కింద వైరు వేయడం కూడా ఇలాంటిదే. మేకులు కొట్టి గోడకు బిగించడం అంతకంటే చెడ్డది.

కూలరును బాక్సుకు పెట్టవచ్చా? అది ఎక్కువ కరెంటు తీసుకోదు కదా?

తీసుకోదు, 150 నుంచి 200 వాట్లే. కూలరుతో అసలు ప్రమాదం ఎర్తింగ్ నుంచి వస్తుంది. ఇనుప రేకు ఒళ్లు, లోపల నీళ్లు, ఆ నీళ్లలో మునిగిన చిన్న మోటారు, చుట్టూ తడిసిన నేల. వేసవి వస్తే కూలరు షాక్ కొట్టి ప్రాణాలు పోయిన వార్తలు మన రెండు రాష్ట్రాల్లోనూ చదువుతూనే ఉంటాం. నీళ్లు పోసేటప్పుడు స్విచ్చు ఆపితే చాలదు, ప్లగ్గు తీయాలి. బాక్సు నేల మీద ఉండకూడదు, ఎత్తు పీట మీదో గోడకు తగిలించో ఉండాలి. ఇంటికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకుంటే, కరెంటు పక్కదారి పట్టిన క్షణంలో సెకనులో చిన్న భాగంలోనే లైను ఆగిపోతుంది. ఎంసీబీ ఆ పని చేయదు, రెండూ వేర్వేరు. ఈ పేజీలో ఒక్క మాటే పాటిస్తామనేవారికి నేను ఆర్‌సీసీబీ మాటే చెబుతాను.

ఫ్రిజ్, ఏసీ, వాషింగ్ మెషీన్?

ఏసీ, గీజరు ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, వాటికి విడి లైను ఉండాలి. నీళ్లు వేడి చేసే వాషింగ్ మెషీన్ 2000 వాట్ల దాకా తీసుకుంటుంది, అదీ గోడకే. ఫ్రిజ్ నడిచేటప్పుడు తక్కువే తీసుకున్నా మోటారు మొదలయ్యే క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది, పైగా రాత్రింబవళ్లు ఆగదు. దానికీ గోడ సాకెట్టే మంచిది.

బకెట్‌లో పెట్టే హీటరు రాడ్డును బాక్సుతో బాత్రూంలోకి తీసుకెళ్లవచ్చా?

దయచేసి వద్దు. తడి చేతులు, తడి నేల, 1000 నుంచి 1500 వాట్ల మోత, నీళ్లలో మునిగిన కడ్డీ, అన్నీ ఒకేచోట కలుస్తాయి. వంటింట్లోనో వరండాలోనో గోడ సాకెట్ దగ్గర కాచుకుని, ప్లగ్గు తీశాకే నీళ్లలో చేయి పెట్టి, బకెట్ మోసుకెళ్లండి.

ఎలక్ట్రిక్ స్కూటరు కోసం బాల్కనీ నుంచి కింద సెల్లారుకు వైరు వేలాడదీస్తున్నాం. సరేనా?

ఈ మధ్య నన్ను ఎక్కువగా అడుగుతున్నది ఇదే. స్కూటరు చార్జరు తీసుకునే వాట్లు ఇస్త్రీ పెట్టెను మించకపోవచ్చు. కాని ఇస్త్రీ పెట్టె వేడెక్కుతూ, ఆగుతూ అరగంట పని చేస్తుంది. చార్జరు గంటల తరబడి, అందరూ నిద్రపోతున్నప్పుడు, ఆగకుండా లాగుతుంది. పొడవైన వైరు, గోడ అంచుకు ఒరుసుకునే తొడుగు, ఎండ, వాన కూడా తోడవుతాయి. అపార్టుమెంటు సంఘంతో మాట్లాడి, మీ మీటరు నుంచి సెల్లారులోకి విడి లైను, 16 ఆంపియర్ల సాకెట్, సొంత ఎంసీబీ, ఆర్‌సీసీబీ పెట్టించుకోండి. మా దగ్గర మొదట ఒప్పుకోని వారు కూడా వేలాడే వైర్లు నాలుగైన తర్వాత ఒప్పుకున్నారు.

వినాయక చవితి మండపానికి ఇంటి బాక్సు ఇవ్వవచ్చా?

ఇంటి బాక్సు ఆరుబయటకు చేసినది కాదు. భాద్రపదంలో వాన ఎప్పుడు పడుతుందో తెలియదు, మండపం చుట్టూ ఇనుప గొట్టాలు, రేకులు, చెప్పుల్లేని పిల్లలు. విద్యుత్ సంస్థ నుంచి తాత్కాలిక కనెక్షన్ తీసుకుని, ఆర్‌సీసీబీ ఉన్న బోర్డు పెట్టాలి. వైర్లను ఇనుప గొట్టాలకు చుట్టి కట్టకూడదు, గాలికి ఊగి తొడుగు ఒరుసుకుపోతుంది. అతుకులు నేల మీద ఉండకూడదు.

ఎలుక కొరికిన వైరుకు టేపు చుట్టి వాడుతున్నాం.

మార్చేయండి. టేపు జిగురు ఒక వేసవికే కారిపోతుంది. కొరికిన చోట కొన్ని తీగలు తెగి ఉంటే, మిగిలిన కొన్ని తీగల మీదే మొత్తం కరెంటు పడి అక్కడే వేడెక్కుతుంది. దెబ్బ ప్లగ్గు దగ్గర ఉంటే అంతవరకు కోసేసి కొత్త ప్లగ్గు బిగించవచ్చు. మధ్యలో ఉంటే వైరు మొత్తం కొత్తది వేయాలి.

బాక్సు మార్చవలసిన సమయం వచ్చిందని ఎలా తెలుస్తుంది?

అరగంట వాడాక ఆపి, ప్లగ్గు మీద చేతి వెనుక భాగం ఆనించండి. గోరువెచ్చగా ఉంటే సరే, చేయి ఆనించలేకపోతే ఆ రోజుతో దాని పని అయిపోయింది. సాకెట్ రంధ్రాల చుట్టూ గోధుమ రంగు మచ్చ, ప్లగ్గు కదిపితే దీపం వెలిగి ఆరడం, చిటపట శబ్దం, ప్లాస్టిక్ కాలిన వాసన, ఇవన్నీ అదే చెబుతాయి. వాసన వచ్చి తగ్గిపోతే హమ్మయ్య అనుకోవద్దు.

షాక్ కొట్టినా, మంట లేచినా ముందు ఏం చేయాలి?

మనిషిని ముట్టుకోవద్దు. మెయిన్ ఆపండి. ఆపలేకపోతే ఎండు కర్రతోనో ప్లాస్టిక్ కుర్చీతోనో వైరును పక్కకు నెట్టండి. 108కి ఫోను చేయండి. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి. మంటయితే మెయిన్ ఆపకుండా నీళ్లు చల్లవద్దు. పొడి ఇసుక గాని, పొడి రసాయనం లేదా కార్బన్ డయాక్సైడ్ ఉన్న మంటలార్పే సిలిండరు గాని వాడాలి. అగ్నిమాపక కేంద్రం నంబరు 101.

అమ్మాయి చదువుకు అమెరికా వెళుతోంది. ఇక్కడి బాక్సు పంపవచ్చా?

పంపవద్దు. అక్కడ 120 వోల్టులు. అదే 1500 వాట్ల కెటిల్ ఇక్కడ ఆరున్నర ఆంపియర్లు తీసుకుంటే అక్కడిది పన్నెండున్నర తీసుకుంటుంది. మన 6 ఆంపియర్ల బాక్సు అక్కడ 720 వాట్లకే నిండిపోతుంది. పైగా మధ్యలో పెట్టే అడాప్టరు చాలావరకు ఎర్తింగ్‌ను కలపదు. అక్కడి భద్రతా పరీక్షల గుర్తులైన యూఎల్ గాని ఈటీఎల్ గాని ఉన్నది అక్కడే కొనుక్కోమనండి. దుబాయ్, బ్రిటన్‌లలో వోల్టేజీ మనదిలాంటిదే, పిన్నులు మాత్రం వేరు. అక్కడి ప్లగ్గు లోపలే వైరుకు తగిన ఫ్యూజు ఉంటుంది. మొదటి ప్రశ్నలో చెప్పిన కొరత వారికి అలా తీరింది.

అసలు బాక్సే అవసరం లేకుండా చేయలేమా?

చేయగలం. ఏ బాక్సు ఆరు నెలలుగా ఒకేచోట ఉందో చూడండి, అక్కడ గోడ సాకెట్ కావాలని అర్థం. అద్దె ఇల్లయినా యజమానిని అడగండి. గోడ పగలగొట్టనక్కరలేదు, ప్లాస్టిక్ కేసింగ్‌లో పైనుంచి లైను తీసుకురావచ్చు. కొత్తగా కట్టుకునేవారు టీవీ గోడకు కనీసం నాలుగు, మంచానికి రెండు పక్కలా రెండేసి, వంటగట్టు మీద 16 ఆంపియర్లవి మూడు సాకెట్లు ప్లానులోనే రాయించండి. ప్లాస్టరింగ్ కాకముందు మేస్త్రీతో పాటు ఎలక్ట్రీషియన్‌ను కూడా పిలిచి, మంచం, ఫ్రిజ్, టీవీ ఎక్కడ వస్తాయో గోడ మీద సుద్దతో గీసి చూపించండి.